నేరేడు, ఉసిరి, వాక్కాయ, రేగు: మన చిన్న పండ్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఉదయగిరి వైపు పల్లె, ఇప్పుడు ఉండేది నెల్లూరులో. అమ్మకు పద్నాలుగేళ్లుగా షుగరు, నాన్నకు బీపీ, కాబట్టి మా ఇంట్లోకి ఏ పండు వచ్చినా "ఇది తినొచ్చా?" అన్న మాటే ముందు. దానికి తోడు ఫోన్లో రోజుకొక మెసేజి: బెర్రీలు తింటే గుండెజబ్బు రాదు, యాంటీఆక్సిడెంట్లు ఉంటే ముసలితనం రాదు, ఫలానా పొడి కలుపుకొని తాగితే షుగరు పోతుంది. చుట్టాలు, పక్కింటివాళ్లు, ఆఫీసులో తోటివాళ్లు నన్ను అడిగినవీ, నేను డాక్టర్లను అడిగినవీ, చదివి తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. మందులు వాడేవాళ్లు తిండిలో పెద్ద మార్పు ఏది చేసుకున్నా మీ డాక్టరుకు చెప్పి చేసుకోండి. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానో కింద షుగరు ప్రశ్న దగ్గర తెలుస్తుంది.

యాంటీఆక్సిడెంట్ అంటే ఏంటి? కొంచెం సులువుగా చెప్పండి.

వంకాయ కోసి నీళ్లలో వేయకుండా పక్కన పెడితే కాసేపటికే నల్లబడుతుంది కదా, గాలిలోని ఆక్సిజన్ తగిలి జరిగే పని అది. నిమ్మరసం పిండితే ఆ నలుపు ఆలస్యమవుతుంది. ఒంట్లో కూడా దాదాపు ఇలాంటిదే ఒకటి రాత్రింబవళ్లు నడుస్తుంటుంది. తిన్న అన్నం శక్తిగా మారేటప్పుడు, సిగరెట్ పొగ, బండ్ల పొగ పీల్చినప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే నిలకడలేని అణువులు పుడతాయి. వాటికి ఎలక్ట్రాన్ జత కుదరదు, అందుకని పక్కనున్న కొవ్వు నుంచో, ప్రోటీన్ నుంచో, డీఎన్‌ఏ నుంచో ఒకటి లాక్కుంటాయి, లాక్కోబడింది పాడవుతుంది. తమ దగ్గరున్న ఎలక్ట్రాన్ ఇచ్చేసి ఆ గొడవను అక్కడితో ఆపేవి యాంటీఆక్సిడెంట్లు. కొన్నింటిని ఒళ్లే తయారుచేసుకుంటుంది. విటమిన్ సి, విటమిన్ ఇ, పండ్లలోని రంగు పదార్థాలు తిండి నుంచి వస్తాయి.

ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులే అనుకోకండి. తెల్ల రక్తకణాలు క్రిముల్ని చంపడానికి వాటినే వాడుకుంటాయి. కావలసింది సమతూకం, అందుకే "ఎంత ఎక్కువ వేసుకుంటే అంత మంచిది" అన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

బెర్రీలంటే స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీలే కదా, మన దగ్గర ఏం దొరుకుతాయి?

చాలా దొరుకుతాయి, మనం వాటిని ఆ పేరుతో పిలవం, అంతే. వృక్షశాస్త్రం పుస్తకం తీస్తే స్ట్రాబెర్రీ అసలు బెర్రీనే కాదు, వంకాయ, టమాటా, మిరపకాయ, అరటిపండు మాత్రం బెర్రీలు! నేరేడు, వాక్కాయ, ద్రాక్ష ఆ లెక్కకు వస్తాయి. టెంక ఉండే రేగు, ఉసిరి రావు. ఆ లెక్క మనకు అవసరం లేదు. నోట్లో వేసుకునేంత చిన్నగా, పులుపో వగరో ఉండి, రంగు గట్టిగా ఉండే పండ్లన్నీ ఇక్కడ ఒకటే గుంపుగా చూద్దాం.

మా వైపు కొండల అంచుల్లో, చేల గట్ల మీద ఎండాకాలం నడిమికి వచ్చేసరికి ఈతపండ్లు, పాలపండ్లు, కలేపండ్లు మొదలవుతాయి. కలేపండ్లను కొన్ని ఊళ్లలో కలివిపండ్లు అంటారు. వాటి వెనకే జూన్, జులైలలో నేరేడు, ఆ వానలకే వాక్కాయ. కార్తీకం వచ్చేసరికి ఉసిరి, సంక్రాంతికి రేగు. ముళ్లపొదల్లో పరికిపండ్లు, బలుసుపండ్లు వేరే ఉంటాయి, అవి పట్నం పిల్లలకు పేరు కూడా తెలియకుండా పోతున్నాయి, అది నాకు చాలా బాధ. యానాదుల ఇళ్ల పెద్దవాళ్లకు ఏ పొదలో ఏ పండు ఎప్పుడు పండుతుందో మాకంటే వందరెట్లు తెలుసు. నేను గుర్తుపట్టగలిగే పండ్లలో సగం వాళ్లు చూపించినవే.

నేరేడు పండుకు ఆ ఊదా రంగు ఎక్కడిది? దానివల్లే మంచిదంటారే?

ఆ రంగు పేరు ఆంథోసయనిన్. బ్లూబెర్రీలో ఉండేది, నల్ల ద్రాక్ష తొక్కలో ఉండేది ఇదే కుటుంబం. నేరేడులో ఎక్కువ భాగం తొక్కలోనే ఉంటుంది కాబట్టి తొక్క ఊసేసి లోపలి గుజ్జు మాత్రం తినేవాళ్లు అసలుది పారేస్తున్నట్టే.

ఈ రంగును మీరే పరీక్షించి చూడొచ్చు, పిల్లలకు భలే సరదా. నాలుగు పండ్లు చిదిమి ఆ రసాన్ని రెండు తెల్ల గిన్నెల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మకాయ పిండితే రసం ఎర్రబడుతుంది. రెండోదాంట్లో చిటికెడు వంటసోడా వేస్తే నీలంలోకి, ఇంకా వేస్తే పచ్చటి ఛాయలోకి మారుతుంది. బడి చొక్కా మీద పడ్డ నేరేడు మరకకు సబ్బు రుద్దగానే అది పోకుండా నీలంగా తిరగడానికి కారణం కూడా ఇదే, సబ్బులో క్షారం ఉంటుంది. ముందు నిమ్మరసమో వెనిగరో పెట్టి, ఆ తర్వాత ఉతికితే కొంత నయం.

గుండెకు, మెదడుకు మంచిదని నిజంగా తేలిందా, లేక ఊరికే అంటున్నారా?

ఊరికే అనడం లేదు, అలాగని రాసిపెట్టినంత గట్టిగా తేలనూ లేదు. అమెరికాలో నర్సుల మీద ఏళ్ల తరబడి నడుస్తున్న పెద్ద పరిశీలన ఒకటుంది. అందులో 93,600 మంది ఆడవాళ్లను 18 ఏళ్లు గమనించి 2013లో ఫలితం చెప్పారు: వారానికి మూడుసార్ల కంటే ఎక్కువ బ్లూబెర్రీలు, స్ట్రాబెర్రీలు తినేవాళ్లలో గుండెపోటు ముప్పు సుమారు మూడో వంతు తక్కువగా కనిపించింది. దానికి ముందు ఏడాది, 70 దాటిన 16,010 మందిని చూసినప్పుడు, ఈ పండ్లు ఎక్కువగా తినేవాళ్లలో జ్ఞాపకశక్తి తగ్గడం రెండున్నరేళ్ల దాకా ఆలస్యమైనట్టు కనబడింది.

కానీ ఇవి గమనించి చెప్పినవి. బెర్రీలు తినేవాళ్లు వాకింగ్ కూడా చేస్తుండొచ్చు, సిగరెట్ తాగకపోవచ్చు, డబ్బుకు ఇబ్బంది లేకపోవచ్చు. లెక్కల్లో వీటిని విడదీయడానికి ప్రయత్నిస్తారు, పూర్తిగా విడదీయడం మాత్రం కుదరదు. పైగా ఆ మేలు ఆంథోసయనిన్ ఒంట్లోకి వెళ్లి ఫ్రీ రాడికల్‌ను పట్టుకోవడం వల్లే వచ్చిందని కూడా ఇప్పుడు ఎవరూ ఖచ్చితంగా అనడం లేదు. రక్తంలోకి చేరేది చాలా కొంచెమే. రక్తనాళాలు సాగే గుణం మెరుగవడం, పీచు, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా, ఇవన్నీ కలిసి పనిచేస్తాయని ఎక్కువమంది అభిప్రాయం. నాకు అర్థమైనంతలో చెప్పాలంటే, పండు తినడం మంచిదని నమ్మడానికి కావలసినంత ఆధారం ఉంది, పండును మందుగా లెక్కపెట్టడానికి లేదు.

షుగర్ ఉన్నవాళ్లు నేరేడు తినొచ్చా? గింజల పొడి తాగితే మాత్రలు మానేయొచ్చంటున్నారు?

పండు తినొచ్చు, గుప్పెడు, అంటే పది పదిహేను కాయలు, అన్నం తిన్న వెంటనే కాకుండా మధ్యాహ్నం నాలుగింటప్పుడు. నేరేడులోనూ చక్కెర ఉంటుంది, అయితే మామిడి, సపోటాలంత తియ్యన కాదు, కొంచెం తినేసరికి వగరుకు నోరు పట్టేస్తుంది కాబట్టి అతిగా పోవడం కూడా కష్టమే. తిన్న రెండు గంటలకు మీ మిషన్‌లో చూసుకోండి. మీ ఒంటికి ఎంత సరిపోతుందో అదే చెప్తుంది.

గింజల పొడి సంగతి వేరు. ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి వివరంగా చెప్తాను. నాలుగేళ్ల కిందట మా ఊరికి వచ్చే ఒకాయన అమ్మకు నేరేడు గింజల పొడి అమ్మి, నలభై రోజులు పొద్దున్నే పరగడుపున తాగమని, ఆ నలభై రోజులు ఇంగ్లీషు మందు ముట్టొద్దని చెప్పి వెళ్లాడు. అమ్మ నాకు చెప్పలేదు. చెప్తే తిడతానని భయం. మూడు వారాలు పోయాక ఫోన్లో గొంతు నీరసంగా వినిపిస్తే అనుమానం వచ్చి వెళ్లాను. మంచం పక్కన చెంబు, రాత్రికి నాలుగైదుసార్లు లేస్తోందట, ఎడమ కాలి బొటనవేలు పక్కన చెప్పు కొరికిన చిన్న పుండు, అది రెండు వారాలుగా మానడం లేదు. మిషన్ పెట్టి చూస్తే 340 పైన. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది, ఇన్సులిన్ కొన్నాళ్లు వేయాల్సి వచ్చింది. ఇంకో పదిహేను రోజులు ఆగివుంటే వేలు పోయేదని డాక్టరు చెప్పినప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

గింజల్లో ఏమీ లేదని నేను అనను. ఆయుర్వేదంలో ఎప్పటి నుంచో వాడుతున్నారు, జంతువుల మీద, కొద్దిమంది మనుషుల మీద చేసిన చిన్న పరీక్షల్లో కొంత ఫలితం కనిపించింది కూడా. బ్రెజిల్‌లో నేరేడు ఆకుల టీని జాగ్రత్తగా పోల్చి పరీక్షిస్తే మాత్రం చక్కెర తగ్గలేదు. ఏ పరీక్షా "మాత్రలు ఆపేయండి" అని చెప్పలేదు. పొడి వాడాలని ఉంటే మాత్రలు వాడుతూనే, డాక్టరుకు చెప్పి వాడండి, ఎందుకంటే రెండూ కలిసి చక్కెర మరీ పడిపోయే అవకాశం కూడా ఉంటుంది. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయించుకోండి. అది మూడు నెలల సగటు చక్కెర లెక్క చెప్తుంది, ఆ రోజు ఉపవాసం ఉన్నా మోసపోదు.

జ్యూస్ తీసుకుని తాగితే తొందరగా ఒంటికి పడుతుంది కదా?

తొందరగా పట్టడమే ఇబ్బంది. 2013లోనే వచ్చిన ఇంకో లెక్క చూడండి, అమెరికాలో 1,87,382 మందిని గమనించినది: వారానికి మూడుసార్లు బ్లూబెర్రీలు తినేవాళ్లలో షుగరు వచ్చే ముప్పు 26 శాతం, ద్రాక్ష తినేవాళ్లలో 12 శాతం తక్కువ, పండ్ల జ్యూస్ తాగేవాళ్లలో మాత్రం 8 శాతం ఎక్కువ. పీచు తీసేసి, నాలుగు పండ్ల చక్కెర ఒక్క గుక్కలో లోపలికి పంపితే అలాగే ఉంటుంది. ఎండాకాలం జ్యూస్ బండి దగ్గర ఆగకుండా ఉండడం నెల్లూరులో ఎవరివల్లా కాదు, నాకు తెలుసు. ఆగినప్పుడు పంచదార వద్దని చెప్పండి, వడకట్టొద్దని చెప్పండి.

ఒక ఉసిరికాయ ఇరవై నారింజలతో సమానమట, నిజమేనా?

అంత లేదు. ఆ లెక్క ఎక్కడిదంటే, పాత పోషకాహార పట్టికల్లో 100 గ్రాముల ఉసిరిలో 600 మిల్లీగ్రాముల విటమిన్ సి అని ఉండేది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో కొత్తగా కొలిచి వేసిన పట్టికల్లో అది సుమారు 250. నారింజలో 40, 50 మధ్య ఉంటుంది కాబట్టి ఉసిరి దానికి ఐదారు రెట్లు, బరువుకు బరువు పోలిస్తే. అదీ తక్కువేం కాదు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములని అదే సంస్థ 2020లో చెప్పింది, అంటే ఓ మోస్తరు ఉసిరికాయ ఒకటి పచ్చిది తింటే ఆ రోజుకు అయిపోయినట్టే. ఉసిరి దొరకని రోజుల్లో జామకాయ తినండి, అందులో 100 గ్రాములకు 200 పైనే ఉంటుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది.

పచ్చిది తినలేకపోతున్నాం. పచ్చడి, మురబ్బా, ఎండు ఉసిరి తింటే చాలదా?

విటమిన్ సి నీళ్లలో కరిగిపోయేది, వేడి, వెలుతురు, గాలి మూడూ దానికి పడవు. ఎండబెట్టినా, ఉడికించినా, నెలల తరబడి జాడీలో ఉంచినా తగ్గుతుంది. వగరుకు కారణమైన టానిన్లు కొంతవరకు మిగులుతాయి. పచ్చడిని రుచికి తినండి, అందులో ఉప్పు ఎంత ఉంటుందో మనకు తెలుసు కాబట్టి బీపీ ఉన్నవాళ్లు వేలి చివరంత చాలు. మురబ్బా, తేనె ఉసిరి అంటే చక్కెర పాకంలో నానినదే. డబ్బాల్లో వచ్చే లేహ్యాలకు వెనక లేబుల్ తిప్పి చూడండి, చక్కెర ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది.

మా ఇంట్లో చేసేది ఇది: కాయను తురిమి, పెరుగులో కలిపి, ఉప్పు కొంచెమే వేసి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు చల్లారాక కలుపుతాం. కాయ పొయ్యి మీదకు వెళ్లదు. వగరు పెరుగులో సగం పోతుంది, పిల్లలు కూడా అన్నంలో కలుపుకుంటారు. కాయ కొరికి తిని వెంటనే మంచినీళ్లు తాగితే తియ్యగా అనిపించడం చిన్నప్పుడు మనమంతా ఆడిన ఆటే, మీ పిల్లలకు కూడా అది చూపించండి, ఆ తీపి కోసమే ఇంకో కాయ అడుగుతారు.

ఆదివారం, రాత్రిపూట ఉసిరి తినకూడదంటారు?

అది ఆచారం, పాటించేవాళ్లు పాటించుకోవచ్చు. ఒంటికి సంబంధించి ఆదివారానికి ప్రత్యేకత ఏమీ లేదు. రాత్రి సంగతికి వస్తే, కడుపులో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లకు పడుకునేముందు పులుపు ఏదైనా ఇబ్బందే.

రక్తం తక్కువగా ఉంది, ఈ పండ్లు తింటే పెరుగుతుందా?

ఈ ప్రశ్న ఆడవాళ్లందరూ చదవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. నేరేడు ఎర్రగా, ఊదాగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని చాలామంది నమ్మకం, కానీ ఆ రంగుకు, రక్తం రంగుకు సంబంధం లేదు. ఇందులో అసలు సాయం విటమిన్ సి చేస్తుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో, రాగుల్లో ఉండే ఇనుము ఒంటికి సరిగ్గా ఎక్కదు, అదే పూట విటమిన్ సి తగిలితే బాగా ఎక్కుతుంది. కాబట్టి తోటకూర పప్పు తినేటప్పుడు పక్కన పచ్చి ఉసిరి ముక్కో, దించాక పిండిన నిమ్మచెక్కో ఉండాలి. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు లారీలకు లారీలు ఊళ్లు దాటిపోతుంటే మన కంచంలోకి ఒక చెక్క రాకపోతే ఎలా? అన్నం తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, టీలోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి. ఓ గంటన్నర ఆగండి. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే అవి మానకండి, హిమోగ్లోబిన్ 7కో 8కో పడిపోయినప్పుడు పండ్లతో లేవదు.

యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్, బెర్రీ పౌడర్లు కొనొచ్చా?

నా మాటగా చెప్తే వద్దు. డాక్టరు ఏదైనా లోపానికి రాసిస్తే అది వేరు.

కారణం చెప్తాను. ఫిన్లాండ్‌లో 29,133 మంది సిగరెట్ తాగే మగవాళ్లకు బీటా కెరోటిన్, విటమిన్ ఇ మాత్రలిచ్చి చూశారు, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశ. 1994లో ఫలితం వచ్చేసరికి బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. అమెరికాలో ఇలాంటిదే ఇంకో పరీక్షను 1996లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. క్యారెట్‌లో, గుమ్మడికాయలో ఉన్నప్పుడు మంచే చేసే పదార్థం అది! తిండిలో కొద్దికొద్దిగా, వంద రకాలతో కలిసి వచ్చినప్పుడు ఒకలాగ, ఒక్కటే గుట్టగా పోసినప్పుడు ఇంకోలాగ పనిచేసింది.

ఇంకొకటి, పౌడర్ డబ్బాల మీద "ఓరాక్ విలువ ఇంత వేలు" అని రాస్తుంటారు. యాంటీఆక్సిడెంట్ బలం ఎంతో పరీక్షనాళికలో కొలిచే అంకె అది. అమెరికా వ్యవసాయ శాఖ ఆ అంకెల పట్టికను తన సైటులో పెట్టి, కంపెనీలు దాన్ని అమ్మకాలకు వాడుకుంటున్నాయని, ఒంట్లో జరిగేదానికి ఆ అంకెతో సంబంధం లేదని చెప్పి 2012లో తీసేసింది. ఆ అంకె చూసి వెయ్యి రూపాయలు పెట్టకండి.

బ్లూబెర్రీలు కొనడం దండగంటారా?

కొనగలిగితే తినండి, మంచి పండు, కడుక్కుని నోట్లో వేసుకోవడమే, గింజ గొడవ లేదు. కానీ 125 గ్రాముల డబ్బా రెండు మూడు వందలు పెట్టి, నెలకొకసారి తెచ్చి, పిల్లాడికి నాలుగు, పాపకు నాలుగు లెక్కపెట్టి ఇచ్చే బదులు ఆ డబ్బుతో సీజన్లో నేరేడు నాలుగైదుసార్లు వస్తుంది. పరిశోధనలు బ్లూబెర్రీ మీద ఎక్కువ జరగడానికి కారణం అది అక్కడ పండేది కావడం, అక్కడివాళ్లు తినేది కావడం. మన నేరేడు మీద, కలేపండు మీద అన్ని వేలమందితో అన్నేళ్లు ఎవరూ పరిశీలన చేయలేదు. అందుకని బ్లూబెర్రీకి తేలిందంతా నేరేడుకు అతికించి చెప్పడం కూడా సరికాదు. రంగు పదార్థం ఒకే కుటుంబమైనా పండు వేరు.

రోజుకు ఎన్ని పండ్లు అన్నదానికి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచన 100 గ్రాములు. అది నేరేడుతో నిండినా, జామతో నిండినా సరే.

బేకరీ కేకు మీద ఎర్ర చెర్రీ కూడా బెర్రీనే కదా?

చాలావరకు అది వాక్కాయ! గింజ తీసి, రంగు వేసి, చక్కెర పాకంలో నానబెట్టినది. మన చెట్టు కాయే, మన దగ్గర పప్పులో వేసుకునేదే, అలా మారేసరికి అందులో మిగిలేది చక్కెర, రంగు. పచ్చి వాక్కాయ తెచ్చుకుని రెండుగా చీల్చి, గింజలు తీసి, పాలు పోయేదాకా కడిగి, కందిపప్పులో వేసుకుంటే చింతపండు అవసరమే ఉండదు. ఇంకా పండని గట్టి కాయలు ఏరుకోండి, పప్పులో పులుపు గాఢంగా దిగుతుంది.

ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లవాళ్లకు ఉసిరి పనిచేస్తుందా?

కనిగిరి వైపు నుంచి మా బంధువులు అడిగిన ప్రశ్న ఇది. ముందు మారాల్సింది నీళ్లు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగుతూ, వండుకుంటూ ఎన్ని ఉసిరికాయలు తిన్నా ఎముకలకు జరిగే నష్టం ఆగదు. మంచినీళ్లు దొరికాక, కాల్షియం, విటమిన్ సి బాగా ఉన్న తిండి సాయం చేస్తుంది, ఫ్లోరోసిస్ ఉన్న చోట్ల ప్రభుత్వ కార్యక్రమంలో కూడా ఈ సలహా ఉంది. పాలు, పెరుగు, రాగి సంగటి, మునగాకు, వాటితో ఉసిరో జామో. ఇక్కడ చింతపండును కూడా చెప్పుకోవాలి. పిల్లలకు చింతపండు ఇచ్చి చూసినప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాదు పోషకాహార సంస్థ పరిశోధకులు చూపించారు.

క్యాన్సర్ రాకుండా ఆపుతాయా?

అలా చెప్పేవాళ్లను నమ్మకండి. గిన్నెలో పెంచిన కణాల మీద రసం పోస్తే కొన్ని చచ్చాయన్నదానికి, మనిషికి జబ్బు రాకపోవడానికి చాలా దూరం. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లయితే ఎక్కువ మోతాదు యాంటీఆక్సిడెంట్ మాత్రలు కీమో, రేడియేషన్‌లకు అడ్డు రావచ్చు కూడా. మీ క్యాన్సర్ డాక్టరును అడగకుండా ఏదీ మొదలుపెట్టొద్దు.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ముఖ్యంగా డయాలసిస్ చేయించుకునేవాళ్లు, పొటాషియం లెక్క చూసుకోవాలి కాబట్టి ఏ పండు ఎంత అన్నది డాక్టరు చెప్పాలి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు విటమిన్ సి మాత్రలు పెద్ద మోతాదులో మింగొద్దు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు క్రాన్‌బెర్రీ జ్యూస్ తాగేముందు అడగాలి. చిన్నపిల్లలకు రేగుపండు, నేరేడు గింజ తీసి ఇవ్వండి, గొంతులో అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది.

పొదల్లో దొరికేవి తెలియకుండా తినడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. కామంచి పండు నల్లగా పండితే తింటారు, పచ్చికాయలో విషం ఉంటుంది. గురివింద గింజ ఎర్రగా ముద్దొస్తుంది, నమిలితే ప్రాణాంతకం. పిల్లలకు ఊరు చూపించడానికి తీసుకెళ్లినప్పుడు తెలిసిన పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి.

రేగు వడియాల్లో కూడా మేలుంటుందా?

భోగిపండ్లు పోసిన మర్నాడు మిగిలిన రేగుపండ్లు అమ్మమ్మ రోట్లో వేసి, బెల్లం, ఉప్పు, మిరపకాయ, జీలకర్రతో దంచి, చిన్న చిన్న బిళ్లలు తట్టి ఎండబెట్టేది. గింజలు మొత్తం నలగకుండా దంచాలి, లేకపోతే పంటికింద పలుకులొస్తాయని ఆమె లెక్క. ఎండాక విటమిన్ సి చాలావరకు పోతుంది, పీచు ఉంటుంది, బెల్లం కూడా ఉంటుంది. షుగరు లేనివాళ్లు ఒకటీ రెండూ చప్పరించండి, పిల్లలకు చాక్లెట్ కంటే నయం. తాజా పండు అయితే, పైన జాగ్రత్త చెప్పినవాళ్లు తప్ప, ఎవరైనా మితంగా తినొచ్చు.

కొనేటప్పుడు ఏం చూడాలి, ఎలా నిల్వ పెట్టాలి?

నేరేడు గంపలో పెట్టుకుని అమ్మే అవ్వల దగ్గర పొద్దున్నే కొనండి. తొక్క బిగువుగా, నిగనిగలాడుతూ, తొడిమ దగ్గర తడి లేకుండా ఉండాలి. చీలి రసం కారుతున్నవి మధ్యాహ్నానికే పులిసిపోతాయి. నేను ఎప్పుడూ కొనే అవ్వ గ్లాసుతో కొలిచి, పైన ఇంకో నాలుగు వేసి, కాగితంలో ఉప్పు పొట్లం కట్టి, "ఉప్పేసి కాసేపు ఉంచి తిను నాయనా, గొంతు పట్టుకోదు" అంటుంది. నిజమే, ఉప్పుకు వగరు తగ్గుతుంది, కానీ మా నాన్న లాంటివాళ్లకు ఆ ఉప్పే ఎక్కువైపోతుంది, ఆయనకు ఉత్తవే ఇస్తాం.

కడగడానికి పంపు కింద ధారగా పారే నీళ్లు చాలు, రెండు మూడుసార్లు. తినబోయే ముందే కడగండి, కడిగి ఫ్రిజ్‌లో పెడితే బూజు పడుతుంది. ఎక్కువ దొరికితే కడిగి, బట్ట మీద పూర్తిగా ఆరనిచ్చి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక డబ్బాలో పోసుకోండి. గడ్డకట్టించడం వల్ల రంగు పదార్థాలు పెద్దగా పోవు. మా ఇంట్లో దసరా దాకా ఉంటాయి. మెత్తబడతాయి కాబట్టి పెరుగులో వేసుకోవడానికి బాగుంటాయి.

ఇంటి దగ్గర ఏ మొక్క పెట్టుకోవచ్చు?

చోటు తక్కువైతే వాక్కాయ. ముళ్లుంటాయి కాబట్టి ప్రహరీ పక్కన కంచెలాగా వేస్తే మేకలు కూడా రావు, నీళ్లు లేకపోయినా తట్టుకుంటుంది, మూడో ఏడు నుంచి కాయ చూడొచ్చు. మన వైపు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచే కాబట్టి అప్పుడు నాటితే మొదటి ఎండాకాలానికి వేరు పట్టుకుని ఉంటుంది. నేరేడు పెద్ద చెట్టవుతుంది, గోడకు దూరంగా, బట్టలారేసే తీగకు ఇంకా దూరంగా పెట్టండి. ఉసిరికి చోటుంటే రెండు మొక్కలు వేయండి, ఒకటే ఉంటే పూత నిండా వచ్చి కాయ సరిగ్గా నిలవకపోవచ్చు. మా అమ్మ పుండు మానిన ఏడాది పెరట్లో నాటిన ఉసిరి మొక్కకు ఈ కార్తీకంలో మొదటిసారి కాయలొచ్చాయి, పదకొండు. అమ్మ రోజుకొకటి కోసుకుని, మాత్ర వేసుకున్నాక తింటోంది.